ఆటలో పనోళ్లు ఏరి?

మా చెల్లెలి కొడుకు ఐటీఐ చేసిన ఎలక్ట్రీషియన్. ఇక్కడ షోలాపూర్‌లోనే సాంచాల కార్ఖానాలో మోటార్లు, ప్యానెళ్లు చూసుకుంటాడు. ఈ ఏడాది వాడికి ఒక ఏజెంటు ఆఫ్రికాలో పని ఉందని చెప్పాడు. దేశం పేరు మారిటానియా. సహారా ఎడారిలో గని క్యాంపు. తిండి, ఉండటానికి రూము వాళ్లవే. జీతం ఇక్కడి జీతానికి నాలుగింతలు. పిల్లవాడు ఆ రోజునుంచి ఒక కాలు ఇంట్లో, ఒక కాలు ఎడారిలో పెట్టుకుని తిరుగుతున్నాడు.

మా చెల్లె మాత్రం ససేమిరా అంది. దానికి కారణం ఉంది. 2025 జూలై 1న మాలీ దేశంలో కాయెస్ దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ మీద తుపాకులవాళ్లు పడి, అక్కడ పనిచేస్తున్న ముగ్గురు భారతీయులను ఎత్తుకుపోయారు. వాళ్లలో తెలుగు ఇళ్ల మనుషులున్నారని పేపర్లో, టీవీలో వచ్చింది. మాలీ, మారిటానియా పక్కపక్క దేశాలు. "నాకు మ్యాపు చూడరాదు గాని పక్కిల్లు అంటే ఏందో తెల్సు" అంటుంది మా చెల్లె.

తల్లీకొడుకుల నడుమ పంచాయతీ నా దగ్గరికి వచ్చింది. నేనేం చెప్తాను? నేను పుట్టింది గిర్నీ చాల్‌లో, రిటైరయింది కార్ఖానాలో. ఎడారిని సినిమాలో చూసినవాణ్ని. అప్పుడు వాడే ఒక మాటన్నాడు.

"మామా, మాటలతోని తెగదు. ఆడి చూద్దాం."

వాడు ఫోనులో యుద్ధాల ఆటలు ఆడతాడని నాకు తెలుసు. అది కాదట. వార్‌గేమ్ అంటే వేరట. నేల మీద మ్యాపు గీసుకుని, రెండు పక్షాలకు గుర్తులు పెట్టుకుని, పాచికలు వేస్తూ, "వాళ్లు ఇట్లొస్తే మనమేం చేస్తాం" అని అడుగు అడుగు చూసుకోవడం. 200 ఏళ్ల కింద, 1824లో, ప్రష్యా దేశంలో రైస్విట్జ్ అనే సైనికాధికారి దీనికి పద్ధతులు రాసి తమ సైన్యంలో ప్రవేశపెట్టాడట. ఆడే ఇద్దరు కాక మూడో మనిషి ఒకడు న్యాయం చెప్పేవాడుండాలి. ఒకడి ఎత్తు ఇంకొకడికి కనబడకూడదు. గెలవడం కోసం కాదు, మనకు తట్టనిది ఏముందో బయటపడటం కోసం ఆడాలి.

ఇది విన్నాక నాకు మన పులిమేక గుర్తొచ్చింది. గుడి అరుగుల మీద, బండల మీద గీసి ఉంటుంది కదా, మూడు పులులు, పదిహేను మేకలు. చదరంగంలో ఇద్దరికీ సమానమైన సైన్యం. పులిమేకలో అట్లా కాదు. ఒకడి దగ్గర బలం, ఇంకొకడి దగ్గర సంఖ్య. ఒకడు దూకి తినాలి, ఇంకొకడు చుట్టుముట్టి కదలకుండా చేయాలి. లోకంలో నిజమైన కొట్లాటలు ఎక్కువ చదరంగంలా ఉండవు, పులిమేకలా ఉంటాయి.

ఊహించి ఆడితే మనకు నచ్చినట్టు ఆడుకుంటాం, నిజంగా జరిగినదే ఆడదామన్నాను. వాడు వెతికి పట్టుకొచ్చింది ఆ మారిటానియాలోనే ఉత్తరాన ఉన్న జువేరాత్ పట్టణం కథ. జరిగింది 1977 మే 1న. మే డే నాడు. తేదీ వినగానే నేను సరిగ్గా కూర్చున్నాను.

జువేరాత్ అంటే ఇనుప రాయి. ఎడారిలో ఒక నల్లకొండ, దాన్ని తవ్వుకోవడానికి కట్టిన ఊరు. 1950లలో ఫ్రెంచివాళ్ల చేతిలో మొదలైన కంపెనీ, పేరు మిఫెర్మా. 1963నుంచి ఆ రాయి ఓడలెక్కింది. కొండనుంచి సముద్రం ఒడ్డున ఉన్న నువాదిబూ రేవుదాకా 650 కిలోమీటర్లకు పైగా రైలు దారి వేశారు. ఆ రైలు రెండు కిలోమీటర్లు దాటి పొడుగుంటుందట, 200 డబ్బాలు. 1974లో మారిటానియా ప్రభుత్వం ఆ కంపెనీని తన చేతిలోకి తీసుకుంది. అయినా పెద్ద పనులు తెలిసిన ఫ్రెంచి టెక్నీషియన్లు చాలామంది అక్కడే ఉండిపోయారు.

మరి దాడి ఎందుకు? పక్కన పశ్చిమ సహారా అనే నేల ఉంది. అది స్పెయిన్ చేతిలో ఉండేది. 1975 ఆఖర్లో స్పెయిన్ వెళ్లిపోతూ ఆ నేలను మొరాకోకు, మారిటానియాకు అప్పజెప్పింది. అక్కడి సహ్రావీ జనం "ఇది మా నేల, మీరెవరు పంచుకోవడానికి" అని తిరగబడ్డారు. వాళ్ల దండు పేరు పొలిసారియో, పుట్టింది 1973లో. ఇళ్లు విడిచిన వేలమంది అల్జీరియాలో తిందూఫ్ దగ్గర డేరాలలో పడ్డారు. వాళ్ల కోపం వాళ్లకుంది, కారణమూ ఉంది. మొరాకోది పెద్ద సైన్యం, మారిటానియాది చిన్నది. మారిటానియా బతికేదేమో ఇనుప రాయి మీద. కాబట్టి రాయి బండిని ఆపితే ఆ దేశం యుద్ధంలోనుంచి తప్పుకుంటుందని వాళ్ల లెక్క. తిందూఫ్‌నుంచి జువేరాత్ నేరుగా కొలిస్తేనే 700 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ల్యాండ్ రోవర్ జీపులమీద ఎడారి దాటి వచ్చారు.

ఇక మా బోర్డు సంగతి. చద్దర్ల ప్యాకింగు అట్టలు నాలుగు కలిపి అతికించాం. అగ్గిపెట్టెలు ఇళ్లు. కండెలు రైలు డబ్బాలు. రైలు దారికి తెల్ల నూలు. ఊరు గీసిన కొలతలో రైలు దారి ఎంత రావాలో మా అల్లుడు లెక్కవేస్తే నూలు అట్ట దాటి, గడప దాటి, గల్లీ దాటి పోవాలి. చివరికి వంటింటి మోరీ దాకా లాగి ఆపాం. ఆ నూలు చూసినప్పుడే నాకు సగం సంగతి అర్థమయింది. ఊరు కాపాడొచ్చు. ఆ దారాన్ని ఎవడు కాపాడతాడు?

చింతగింజలు దాడి చేసేవాళ్ల జీపులు, పది. బొత్తాలు సైనికుల దళాలు, ఇరవై నాలుగు. చింతగింజలు అల్లుడివి, బొత్తాలు నావి. మా అమ్మాయి బీకాం చదువుతుంది, దాన్ని న్యాయం చెప్పేదానిగా కూర్చోబెట్టాం. నేను నా బొత్తాలు ఎక్కడ పెట్టానో కాగితం మీద రాసి దానికిస్తాను. వాడు ఎటునుంచి, ఏ గడియకు వస్తాడో రాసి దానికిస్తాడు. ఒక ఎత్తు అంటే పావుగంట. పాచిక పాముల నిచ్చెనల డబ్బాలోది.

మొదటి ఆట. నేను ఊరు చుట్టూ ఇరవై నాలుగు గళ్లలో గడికొక బొత్తాము పెట్టాను. చుట్టూ కంచె కట్టినట్టు చూడ్డానికి నిండుగా ఉంది. వాడు పది గింజలూ ఒకే గడిమీదికి తెచ్చాడు. అక్కడ నాది ఒకటే బొత్తాము. మిగతా ఇరవై మూడూ వేరే దిక్కులు చూస్తూ నిలబడ్డాయి. మూడో ఎత్తుకు వాడు ఊరి నడుమ ఉన్నాడు. "మామా, నీకు మందెక్కువ, నాకు తెలివెక్కువ" అన్నాడు. అది తెలివి కాదు, ఎక్కడ కొట్టాలో ఎంచుకునే వీలు వాడిది. కాపలావాడు అన్ని చోట్లా ఉండాలి, వచ్చేవాడు ఒక్కచోట ఉంటే చాలు.

రెండో ఆటలో సగం బొత్తాలు నడుమ దాచిపెట్టాను, ఎటు గొడవైతే అటు పంపుదామని. వాడు మూడు గింజలతో విమానాలు దిగే మైదానం వైపు అల్లరి చేశాడు. నేను నడుమ మందను అటు పంపాను. మిగిలిన ఏడు గింజలు అటువైపునుంచి ఇళ్లలోకి వచ్చాయి. మూడో ఆటలో ఇళ్ల చుట్టూ గట్టిగా కూర్చున్నాను, ఎటూ కదలలేదు. వాడు ఊరివైపే రాలేదు. వంటింటి గడప దగ్గర నూలు తెంపి, రెండు కండెలు పడగొట్టి వెళ్లిపోయాడు. రాయి బండి ఆగిపోయింది. మా అమ్మాయి "నాన్నా, ఊరు నీదే, ఆట బావదే" అని తీర్పు చెప్పింది.

నిజంగా జరిగింది కూడా దాదాపు ఇదే. 1977 మే డే నాడు జువేరాత్‌లో సైన్యం ఉండగానే దండు ఊళ్లోకి చొచ్చుకొచ్చింది. ఇద్దరు ఫ్రెంచివాళ్లు చనిపోయారు. ఆరుగురిని పట్టుకుపోయారు. ఆ తరువాత ఊరి కాపలాకు మొరాకో సైనికులను తెచ్చారు. అయితే ఏమైంది? అక్టోబరులో రైలు దారిమీద దాడిచేసి ఇంకో ఇద్దరు ఫ్రెంచివాళ్లను పట్టుకుపోయారు. డిసెంబరులో ఫ్రాన్స్ యుద్ధవిమానాలు పంపి దండుమీద బాంబులు వేసింది. ఖర్చు పెరిగింది, రాయి రాబడి పడిపోయింది. 1978 జూలై 10న మారిటానియా సైన్యమే తమ అధ్యక్షుణ్ని దింపేసింది. 1979 ఆగస్టులో పొలిసారియోతో సంధి చేసుకుని ఆ యుద్ధంలోనుంచి బయటపడింది. అంటే దారం తెంపే లెక్క వాళ్లకు ఫలించింది.

ఈ లెక్కలన్నీ మేం మురిపెంగా మాట్లాడుకుంటుంటే మా చెల్లె టీ గ్లాసులు తెచ్చి పెట్టింది. కాసేపు నిలబడి అట్ట చూసింది.

"ఇవి జీపులు?"

"అవునే."

"ఇవి పోలీసోళ్లు?"

"మిలిట్రీ అత్తా" అంది మా అమ్మాయి.

"మరి గని ఎవరు తవ్వుతున్నరు? ఈ ఆటల పనోళ్లు ఏరి?"

ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అగ్గిపెట్టెలు పెట్టాం, అందులో మనుషుల్ని పెట్టలేదు. గని ఊరు ఆట ఆడుతూ గని కార్మికుడు లేడు. ఫోనులో ఆడే ఆటల్లోనూ అంతే కదా. తుపాకి పట్టినవాడికే బొమ్మ ఉంటుంది. షిఫ్టు దిగి స్నానం చేసి పడుకున్నవాడికి బొమ్మ ఉండదు.

మా చెల్లె డబ్బాలోంచి గుప్పెడు శనగలు తెచ్చి పోసింది. లెక్కపెడితే నలభై. ఇళ్లలో, గనిలో, రైలు దగ్గర పంచిపెట్టాం. అమ్మాయి ఒక నియమం పెట్టింది. శనగలున్న గడిలో ఎవరు కాల్పులు జరిపినా, అది గింజయినా బొత్తామైనా, శనగల కోసం కూడా పాచిక వేయాలి.

నాలుగో ఆటలో నేను గెలిచాను. ఆరు ఎత్తుల్లో గింజల్ని తరిమేశాను. రైలు తెగలేదు. నేను మీసం మెలేసేలోపల మా చెల్లె "శనగలు లెక్కపెట్టు అన్నా" అంది. పదకొండు పోయాయి. అందులో ఏడు నా బొత్తాల పాచికతోనే పోయాయి. నా మంద ఇళ్ల నడుమ నిలబడి కాల్చింది కాబట్టి.

బొత్తాలు ఎప్పుడూ శనగల కాపలాకే ఉంటాయనుకోవడం కూడా కథ తెలియకపోతేనే. జువేరాత్ గనిలోనే 1968 మే నెలలో కార్మికులు జీతాల కోసం, ఫ్రెంచివాళ్లకూ తమకూ ఉన్న తేడా పోవాలని సమ్మె చేశారు. మే 29న సైన్యం వాళ్లమీదే కాల్పులు జరిపింది. కనీసం ఎనిమిది మంది చనిపోయారు. దండు వచ్చింది తరువాత తొమ్మిదేళ్లకు. తుపాకీలు చూసి ధైర్యం తెచ్చుకునే ముందు అవి ఎవరి కాపలాకు ఉన్నాయో అడగాలి. గనికా, గనిలో పనిచేసేవాడికా? గిర్నీ కాలం చూసిన ఇళ్లకు ఇది నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

ఐదో ఆటకు మా అమ్మాయి ఇంకో నియమం చేర్చింది: సైరన్. మన గిర్నీ భోంగా లాంటిది. గింజలు కంచె దాటకముందే ఒక్క ఎత్తు ముందు సైరన్ మోగితే శనగలు కదిలి గట్టి గోడల గదిలోకి పోవచ్చు. బొత్తాలు అవే, గింజలు అవే, మళ్లీ ఆడాం. ఈసారి పోయినవి రెండు శనగలే. ఒక్క ఎత్తు, పావుగంట, అంతే తేడా. పది బొత్తాలు ఎక్కువ పెట్టినా రాని లాభం ఒక భోంగాతో, ఒక గదితో వచ్చింది.

ఇది అట్టమీది సంగతే అనుకోకండి. 2013 జనవరి 16న అల్జీరియా ఎడారిలో ఇన్ అమెనాస్ దగ్గర గ్యాసు ప్లాంటు మీద తుపాకులవాళ్లు పడ్డారు. నాలుగు రోజులు నడిచింది. దేశదేశాల పనివాళ్లు 40 మంది దాకా చనిపోయారు. ఆ రోజు గేటు దగ్గర మొహమద్ లమీన్ లహ్మర్ అనే అల్జీరియా కాపలాదారు ఉన్నాడు. తన ప్రాణం పోయేముందు ఆయన సైరన్ మోగించాడు. ఆ మోత విని దాక్కుని బతికినవాళ్లున్నారు. అంత పెద్ద ప్లాంటులో ఎంతోమందికి ఆ కొద్ది నిమిషాలు ఇచ్చింది గేటు కాపలా ఉద్యోగి.

ఆరో ఆటకు ముందు మా చెల్లె వంగి, కుంకుమ తడిపి ఒక శనగకు బొట్టు పెట్టింది.

"ఇది నా కొడుకు. ఇప్పుడు ఆడుండ్రి."

వాడు నవ్వబోయి ఆగాడు. వాడే కదా గింజల పక్షం. వాడికి తెలుసు ఏం చేయాలో. జువేరాత్‌లో పట్టుకుపోయింది ఫ్రెంచి టెక్నీషియన్లను. వాళ్లు పరాయి దేశస్థులు, వాళ్ల కోసం ఒక సర్కారు దిగివస్తుంది, మాట్లాడుతుంది. ఆనాడు ఆ చోట ఫ్రెంచివాడు, ఈనాడు మాలీ ఫ్యాక్టరీలో మన భారతీయుడు. మన పిల్లలు అక్కడికి పోయేసరికి పేరు కూలీ కాదు, విదేశీ టెక్నీషియన్. జీతం నాలుగింతలు ఎందుకు ఇస్తున్నారో అందులో ఇది కూడా ఉంది. బొట్టు పెట్టిన శనగ బోర్డుమీద ఉంటే గింజలు రైలును వదిలి నేరుగా దాని దగ్గరికే వస్తాయి. ఆ ఆట వాడు ఆడలేదు. గింజలు మూట కట్టి పక్కన పెట్టాడు.

నాటి ఎనిమిది మంది బందీలను 1977 డిసెంబరు 23న అల్జీర్స్‌లో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి వాల్ధైమ్‌కు అప్పగించారు. మే 1న పోయినవాళ్లకు దాదాపు ఎనిమిది నెలలు. ఎనిమిది నెలలు ఇంట్లో ఎవరు ఎట్లా తిన్నారో, ఎవరు ఎవరికి ఫోను చేశారో ఆ లెక్క ఏ ఆటలోనూ ఉండదు.

"పోవద్దు" అని నేను మా అల్లుడికి చెప్పలేదు. మా తాత తెలంగాణలో మగ్గం వదిలి షోలాపూర్ గిర్నీకి వచ్చినప్పుడు కూడా ఎవరో ఒకరు పోవద్దనే ఉంటారు. పొట్ట చేతబట్టుకుని పోవడం మన ఇళ్లకు కొత్త కాదు. ఎడారి అంతా తుపాకులమయం అనడమూ తప్పే, ఎందరో పోయి పనిచేసి వస్తున్నారు. కాని ఏ గడిలో నిలబడుతున్నామో తెలుసుకుని నిలబడాలి. ఆ రాత్రి నలుగురం కూర్చుని ఏజెంటును అడగాల్సినవి తొమ్మిది రాశాం. పోయే ఆలోచనలో ఉన్న పిల్లలున్న ఇళ్లకు పనికొస్తాయని ఇక్కడ రాస్తున్నాను.

జీతం ఎంత, ఏ తేదీకి, ఏ బ్యాంకులో పడుతుంది? తిండి, నీళ్లు ఎవరివి? సెలవు ఎన్ని నెలలకు? రానుపోను టికెట్టు ఎవరిది? ఈ నాలుగూ అందరూ అడిగేవే. మిగతా ఐదు మా బోర్డు నేర్పినవి. పడుకునే గది కంచెకు ఎంత దూరం, పక్కన ఏముంది, పేలుడు మందుల గోదామా, మిలిట్రీ బ్యారకా? సైరన్ ఉందా, మోగితే పోవడానికి గట్టి గది ఉందా, నెలకొకసారైనా ప్రాక్టీసు చేయిస్తారా? ప్రతి షిఫ్టుకు మనుషుల్ని పేరుపేరునా లెక్కపెట్టేది ఎవరు? పాస్‌పోర్టు ఎవరి చేతిలో ఉంటుంది? మనిషి పట్టుబడితే ఇంటికి ఫోను చేసేది ఎవరు, ఆ నెలల జీతం ఇంటికి వస్తుందా, ఇది కాగితంమీద రాసిస్తారా?

ఏజెంటు మొదటి నాలుగింటికి ఆ సాయంత్రమే జవాబు పంపాడు, పూలగుత్తి బొమ్మతో సహా. మిగతా ఐదింటికి "అక్కడికి పోయినాక అన్నీ చూసుకుంటరు" అని ఒక్క ముక్క పంపాడు. ఎవరు చూసుకుంటారో అందులో లేదు. మా అల్లుడు మళ్లీ అడిగాడు. మూడు వారాలయింది.

వాడింకా పోనూ లేదు, మానుకోనూ లేదు. పాస్‌పోర్టు మాత్రం ఇవ్వలేదు, వాళ్ల అమ్మ బియ్యం డబ్బాలో ఉంది. కాగితంమీద ఐదు జవాబులు వచ్చిన రోజు తనే తీసి ఇస్తానని మా చెల్లె మాటిచ్చింది.